మెరిసే గ్లాసులు, జిడ్డు కంచాలు

కిందటి వారం మా పాత ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగు డెస్క్‌లో కొత్తగా చేరిందట. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "అక్కా, కస్టమర్ ఏదో దాస్తున్నారని మనకి తెలిసిపోతూనే ఉంటుంది కదా, అప్పుడు ఏమని అడగాలి?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో వెంటనే జవాబు చెప్పడం ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు చేతకాలేదు, మానేశాక వస్తుందా? రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఆ కుర్చీల్లో ఇప్పుడు కూర్చుంటున్న మిగతావాళ్లు కూడా చదువుకుంటే బాగుంటుందనిపించింది.

నేను ఢిల్లీ వచ్చింది సివిల్స్ కోసం. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో ఇద్దరు ఖమ్మం అమ్మాయిలతో కలిసి ఉండేదాన్ని. ఒకసారి మెయిన్స్ దాకా వెళ్లాను. అక్కడ ఆగిపోయినప్పుడు అందరూ ఓదార్చారు. ఇంటర్వ్యూలో పెద్దవాళ్ల ముందు కూర్చుని మాట్లాడే పని తప్పిందని నాకు లోపల కాస్త హాయిగా కూడా ఉందని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నోయిడాలో డిష్‌వాషర్లు అమ్మే కంపెనీకి ఫోన్ కాల్స్ తీసుకునే ఆఫీసులో తెలుగువాళ్లు కావాలంటే వెళ్లాను. మొహం కనపడదు కదా అన్నదే నా ధైర్యం.

అంతకుముందు నేను డిష్‌వాషర్ తలుపు తీసి చూసింది లేదు. ట్రైనింగ్ గదిలో ఒకటి ఉండేది కానీ దానికి నీళ్ల కనెక్షన్ లేదు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు, ఏ బుట్టలో ఏ గిన్నె పెట్టాలో, అడుగున ఉప్పు ఎక్కడ పొయ్యాలో, మెతుకుల్ని పట్టే జాలీ ఎలా తిప్పి బిగించాలో ఎండిన మెషిన్ మీదే నేర్పారు. నా పక్క కుర్చీ తమిళం డెస్క్‌ది. అక్కడ కూర్చునే అక్క కస్టమర్లను బాహాటంగా తిట్టేది. "కంచంలో ఎముకలు వదిలేసి లోపల పెడితే మెషిన్ ఏం చేస్తుందండీ, అది కుక్కా?" అని ఆవిడ అంటుంటే నాకు చెమటలు పట్టేవి. వాళ్లేమో చివర్లో థాంక్స్ చెప్పి పెట్టేసేవాళ్లు. నేను ఎంతో మర్యాదగా మాట్లాడితే, "అమ్మా, ఇంకెవరైనా ఉంటే ఇస్తావా?" అనేవాళ్లు.

నోయిడా, ఘాజియాబాద్ ఇళ్ల నుంచి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: గ్లాసుల మీద తెల్లటి పొర. అక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మెషిన్ అడుగున ఉండే డబ్బాలో దాని ఉప్పు, తలుపులో ఉండే చిన్న అరలో నీలం రంగు ద్రవం అయిపోకుండా చూసుకోకపోతే గ్లాసులకు సున్నం కొట్టినట్టే ఉంటుంది. ఆ రెండు సంగతులూ నిద్రలో లేపినా చెప్పగలిగేదాన్ని. అందుకే ఘాజియాబాద్‌లోని వైశాలి నుంచి వచ్చిన ఆ ఫోన్ నాకు గుర్తుండిపోయింది.

మాట్లాడింది ఒక నర్సు. కృష్ణా జిల్లా వైపు యాస. "కంచాలకి జిడ్డు అట్టాగే ఉంటందమ్మా. మెతుకులు కూడా పోవట్లేదు" అంది. నేను వరసప్రకారం అడగాల్సినవి అడిగాను. గ్లాసుల మీద తెల్ల పొర ఉందా అన్నాను.

"లేదమ్మా. గ్లాసులు తళతళలాడతన్నయ్యి. కంచాలే..."

అలా ఎవరూ చెప్పగా నేను వినలేదు. మెషిన్ పనిచేస్తే రెండూ శుభ్రంగా ఉండాలి. చెయ్యకపోతే ముందు పాడయ్యేవి గ్లాసులే.

ఆ తర్వాత ఆవిడ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. పెళ్లి కాకముందు నుంచీ అదే పని. ఏడాదిగా రెండు చేతులకీ చర్మం పొట్టు రేగి పగుళ్లు వేస్తోంది. చర్మం డాక్టరు ఇంట్లో గిన్నెల సబ్బు, తడి పనీ పూర్తిగా మానమన్నారు. పగిలిన చేతులతో థియేటర్లోకి రానివ్వరు కాబట్టి ఆసుపత్రివాళ్లు ఆవిణ్ని అప్పటికి ఓపీలో కూర్చోబెట్టారు. వచ్చే నెల మళ్లీ చేతులు చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే థియేటర్లో ఆవిడ స్థానంలోకి వేరే నర్సును తీసుకుంటారు. భర్త ఉద్యోగం చండీగఢ్‌లో. ఇంట్లో ఉన్నది ఆవిడ తల్లి. ఆమెకి కుడి మణికట్టు విరిగి సరిగా అతుక్కోలేదు. ఈవిడ షిఫ్టులు మారిపోతుంటే పనిమనిషి ఎవరూ నిలబడలేదు. అందుకని మెషిన్ కొన్నారు. దాన్ని వేసేది తల్లి. సరిగా పోని కంచాలను డ్యూటీ నుంచి వచ్చి సింకు దగ్గర మళ్లీ తోమేది కూతురు.

"అమ్మని అడుగుదువు ఉండు, ఇస్తాను" అని ఫోన్ తల్లికి ఇచ్చింది.

"అన్నీ ఆళ్లు చెప్పినట్టే చేత్తన్నానమ్మా" అంది పెద్దావిడ.

"ఆ సబ్బు బిళ్ల కాకుండా లోపల ఇంకేమైనా వేస్తున్నారా మామ్మగారూ?"

"ఇంకేం ఏత్తాను తల్లీ?" అని, కాసేపాగి, "నువ్వు ఏ ఊరమ్మాయివి?" అంది.

ఆ ఆగడంలో ఏదో ఉంది. మీలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది సరిగ్గా దాని గురించే. నాకూ తెలిసింది. ఏమడగాలో మాత్రం తెలియలేదు. ఊరు పేరు చెప్పి ఊరుకున్నాను.

టెక్నీషియన్ వెళ్లాడు. జాలీ కడిగి, మెషిన్ బాగానే ఉందని వచ్చాడు. పది రోజులు తిరక్కుండా మళ్లీ ఫోన్. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అదే. మూడోసారి వెళ్లేది ఆఖరి తనిఖీ. అందులో వాడేవాళ్ల తప్పని తేలితే గ్యారంటీ పోతుంది, ఫిర్యాదు మూసేస్తారు. ఆ టెక్నీషియన్ కుర్రాడు మా ఆఫీసుకి వచ్చినప్పుడు నా టేబుల్ దగ్గర నిలబడి, "దీదీ, ఆ సొసైటీలో ఏ ఇంట్లో చూసినా గ్లాసులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఆ ఒక్క ఇంట్లో మాత్రం షోరూమ్‌లో పెట్టినట్టు ఉంటాయి. కంచాలేమో ఛీ! పదేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఇది అర్థం కాలేదు" అన్నాడు.

నేను కూడా వస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా టీమ్ లీడర్ మేడమ్ లక్నో ఆవిడ, కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "నువ్వా? కస్టమర్ ఇంటికా?" అంది. తమిళం అక్క మధ్యలో కలగజేసుకుని, "పంపండి మేడమ్, ఈమె మాట్లాడదు కాబట్టి గొడవ కూడా రాదు" అంది. అదే నాకు దొరికిన సిఫారసు.

వైశాలి మెట్రో దగ్గర టెక్నీషియన్ బైక్ మీద ఎదురుచూస్తున్నాడు. ఇల్లు రెండో అంతస్తు. హాల్లో గోడకి బైబిలు వాక్యాల క్యాలెండర్, వంటింట్లోంచి చారు తాలింపు వాసన. కూతురు డ్యూటీలో ఉంది, మధ్యాహ్నం దాటాక వస్తుందట. పెద్దావిడ ఎండిపోయిన చిన్న మనిషి. వంకర తిరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, "ఫోన్లో అమ్మాయివి నువ్వేనా! ఇంత పీలగా ఉన్నావేంటే?" అంది. అక్కడ నేను మాట్లాడాల్సిన అవసరం లేకుండా పోయినందుకు ప్రాణం లేచొచ్చింది.

టెక్నీషియన్ పనిలో పడ్డాడు. "అమ్మాజీ, నమక్ డాలా?" అన్నాడు, ఉప్పు వేశారా అని.

"అచ్ఛా."

"డాలా, యా నహీ డాలా?"

"ఠీక్ హై" అంది ఆవిడ, చిరునవ్వుతో.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత లోపలి బుట్ట తీసి, అడుగున ఉన్న జాలీని పట్టుకుని లాగాడు. తిప్పకుండానే అది చేతిలోకి వచ్చేసింది. టక్‌మని చప్పుడు వచ్చేదాకా తిప్పి బిగిస్తే తప్ప అది కూర్చోదు. ఆ విరిగిన మణికట్టుకి అంత బలం లేదు. జాలీ చుట్టూ గోధుమ రంగు పీచు. కింది బుట్టలో కంచాలకి నీళ్లు చిమ్మే రెక్క విప్పి దులిపితే, రంధ్రాల్లో కూడా అదే పీచు కుక్కుకుపోయి ఉంది. ఆయన వాసన చూసి, "యే క్యా హై?" అన్నాడు, ఇదేంటని. పెద్దావిడ పొయ్యి వైపు తిరిగి, మంట ఆపేసిన గిన్నెలో గరిటె తిప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను అడగాలి. అందుకే నన్ను తీసుకొచ్చారు. ఆఫీసులో నేర్పిన ప్రశ్నలన్నీ గొంతులో వరసగా నిలబడ్డాయి, ఒక్కటీ బయటికి రాలేదు. అన్నీ పోలీసులు అడిగినట్టే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక అలమరలో గ్లాసుల్ని చూస్తూ, "మా నాయనమ్మ తోమిన ఇత్తడి చెంబులు కూడా ఇలాగే మెరిసేవి మామ్మగారూ" అన్నాను.

గరిటె ఆగింది.

"కొత్త చింతపండు ఏత్తాననుకున్నావా?" అంది ఆవిడ, ఉక్రోషంగా. "చారుకి పిసికేసినాక మిగిలిన పిప్పి! అదీ పారేసేదే. నీళ్లల్లో పిసికి, బిళ్ల ఏసేటప్పుడు లోపల పోత్తన్నా. అంతే."

చెల్లీ, నీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇంతే. అడక్కు. నీకు తెలిసింది ఒకటి చెప్పి ఊరుకో. వాళ్లు దాన్ని సరిదిద్దడానికైనా నోరు విప్పుతారు.

తర్వాత ఆవిడ ఆగలేదు. మెషిన్ కొత్తలో గ్లాసులు సున్నం కొట్టినట్టు వచ్చేవట. కూతురు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ గ్లాసులన్నీ సింకులో వేసి మళ్లీ తోమేదట. "వద్దే అంటే, ఈ గ్లాసుల్లో నీళ్లెట్టా తాగుతావమ్మా అనేది. ఆ చేతులు చూశావా నువ్వు? పుండ్లు. ఇత్తడికి పట్టిన చిలుం పోగొట్టేది గాజుకి పట్టిన సున్నం పోగొట్టదా అని ఏశాను. పోయింది. ఆ రోజు నుంచీ గ్లాసులు ముట్టుకోలేదు అది." గొంతు తగ్గించింది. "దానికి చెప్పమాకమ్మా. చెప్తే మెషిను నన్ను ముట్టుకోనివ్వదు. అన్నీ అదే చేసుకుంటది. ఇంక ఆ చేతులు మానినట్టే!"

"క్యా బోల్ రహీ హై?" అన్నాడు టెక్నీషియన్ కలం తీసి, ఏమంటోందని.

ఆ ఇంట్లో రెండు భాషలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆమె అన్నది ఉన్నదున్నట్టు చెబితే, వాడేవాళ్ల తప్పు కింద రాసుకుని ఆయన వెళ్లిపోతాడు. ఏదో నీళ్లలో కొట్టుకొచ్చిన చెత్త అని చెబితే, పీచు ఆయన చేతిలోనే ఉంది. పైగా రేపు మళ్లీ చింతపండు పడుతుంది. నాకు వచ్చిన హిందీలో, ఆయన మొహం చూడకుండా చెప్పాను. చింతపండు వేసింది నిజమే. గ్లాసులు బాగుపడ్డాయి, కంచాలు పాడయ్యాయి, కారణం అదే. మీరు మొదటి రోజు డెమో ఇచ్చింది ఈవిడకే. అందులో ఒక్క ముక్క కూడా ఈవిడకి అర్థం కాలేదు. అర్థం కాకుండానే వాడుతున్నారు.

ఆయనకి కోపం వచ్చింది. "అన్నీ చెప్పాను దీదీ! ప్రతిదానికీ ఠీక్ హై అన్నారు!" అన్నాడు. తర్వాత ఏం తోచిందో, పెద్దావిడ వైపు తిరిగి, చాలా మర్యాదగా, "అమ్మాజీ, ఆప్‌కే ఘర్ మే ఆగ్ లగీ హై" అన్నాడు. మీ ఇంటికి నిప్పంటుకుందని.

"అచ్ఛా, అచ్ఛా" అంది పెద్దావిడ. "ఠీక్ హై."

ఆయన వంటింటి గట్టుకి చేరగిలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం జరిగిందో తెలియకపోయినా, ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు కదా అని ఆవిడా నవ్వింది. ఆయన తన కాగితంలో రెండు సంగతులూ రాశాడు: పీచు గురించి, డెమో గురించి. రెండోది రాస్తే తప్పు ఆయన మీదికి కూడా వస్తుంది, రాయకపోయినా అడిగేవాళ్లు లేరు.

కానీ రెక్క సంగతి అలాగే ఉంది. ఇలాంటప్పుడు కొత్తది వెయ్యాలన్నది కంపెనీ పద్ధతి. కొత్తది రావడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా కంచాలు తోమేదెవరు? ఆసుపత్రిలో ఆ చేతులు మళ్లీ చూసేదాకా ఉన్న రోజులే తక్కువ. పెద్దావిడకి మా మాటలు అర్థం కాలేదు గానీ రెక్కలోని రంధ్రాలు అర్థమయ్యాయి. చీపురు పుల్లలు తెచ్చి నా ముందు పెట్టింది. టెక్నీషియన్ అటూ ఇటూ చూసి, "ఇది నా పని కాదు దీదీ" అంటూ చాప మీద కూర్చున్నాడు.

కూతురు వచ్చేసరికి మేం ముగ్గురం పాత న్యూస్‌పేపరు చుట్టూ తలలు ఆనించి పీచు లాగుతున్నాం.

"ఏందమ్మా ఇది?"

పెద్దావిడ నన్ను చూసింది. చెప్పొద్దన్న మాట టెక్నీషియన్‌కి ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆయన ఉత్సాహంగా ఒక పీచు పైకెత్తి చూపించి, "మేడమ్, ఇమ్లీ!" అన్నాడు.

నర్సు మొహం ఎర్రబడింది. "చింతపండా? దీంట్లోనా? బుద్ధుందా అమ్మా నీకు? ఇది పాడైతే నేను మళ్లీ సింకు దగ్గరే కదా నుంచోవాలి!"

"నువ్వు సింకు దగ్గర నుంచోకూడదనే గందా ఏసింది" అంది తల్లి, తల ఎత్తకుండా.

నర్సు అలమర వైపు చూసింది. ఆ గ్లాసుల మెరుపు మెషిన్ గొప్పతనమేనని ఆవిడ అప్పటిదాకా అనుకుంది. వచ్చి చాప మీద కూర్చుని రెక్క అందుకోబోయింది. తల్లి ఎడమ చేత్తో ఆ చేతిని పక్కకు నెట్టింది. "ముట్టుకోమాక. తడి."

ఆవిడ చేతుల్ని నేను అప్పుడు చూశాను. వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎండిన చెరువులా ఉంది. వాటిని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. లేచి వెళ్లి పిన్నీసులు, సూదులు, దూది తెచ్చి, పొడి గుడ్డ మీద సైజుల ప్రకారం పేర్చింది. లైటు నా భుజం మీదుగా పడేలా జరిపింది. నేను ఒక రంధ్రంలో పుల్ల విరగ్గొట్టుకుని తల ఎత్తేలోపే సన్నటి సూది నా చేతిలో ఉంది. టెక్నీషియన్‌కి కావలసిన పిన్నీసు ఆయన చేతిలో ఉంది. మేం అడగలేదు. అడగాలన్న సంగతి మాకు తట్టకముందే అది వచ్చేస్తోంది, సరైన వైపు మొన తిరిగి. ఓపీలో కూర్చోబెట్టింది ఎలాంటి మనిషినో నాకు అప్పుడు అర్థమైంది.

రెక్క బిగించి మెషిన్ వేశాం. అది తిరుగుతున్నంతసేపూ టీ తాగాం. పెద్దావిడకి చెప్పాల్సినవి తెలుగులో చెప్పాను. చింతపండు ఆలోచన తప్పు కాదు, పులుపు సున్నాన్ని కరిగిస్తుంది, తప్పంతా పీచుది. సున్నం మరీ పేరుకుంటే నిమ్మ ఉప్పు వేసి, గిన్నెలు లేకుండా, నెలకోసారి మెషిన్‌ని ఊరికే తిప్పితే చాలు. మిగతా రోజులు నీలం ద్రవం. జాలీ కడిగి ఆరబెట్టేది ఆవిడ, టక్‌మనేదాకా బిగించేది కూతురు. అది పొడి పని. ఆవిడ ప్రతి ముక్కా నాకు తిరిగి అప్పజెప్పింది. ఒక్కసారి కూడా అచ్ఛా అనలేదు.

మెషిన్ ఆగాక తలుపు తీసి, నర్సు ఒక కంచం మీద వేలు రాసి చూసింది. కంచాన్ని తల్లికి ఇచ్చింది. తల్లి కూడా వేలు రాసి చూసింది.

ఆఫీసులో మా మేడమ్ నన్ను పిలిచి, డెమో గురించి ఫీల్డ్‌వాళ్ల కాగితంలో ఎక్కించే పని నీకెవరు చెప్పారని అడిగింది. ఇంకో నెలలో పద్ధతి మార్చారు: హిందీ రాని ఇంట్లో మెషిన్ పెడితే, టెక్నీషియన్ అక్కడి నుంచే మా డెస్క్‌కి ఫోన్ కలిపి, వాళ్ల భాషలో డెమో ఇప్పించాలి. అంటే నేను ఇదివరకటి కంటే రెట్టింపు మాట్లాడాల్సి వచ్చింది. మంచి పనికి దొరికిన ఫలితం అదీ.

ఆ లోపే వైశాలి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. లైన్లో పెద్దావిడ.

"మెషిన్‌కి ఏమైంది మామ్మగారూ?"

"మెషిన్‌కేం, రాయిలా ఉంది. అది కాదమ్మా. అమ్మాయిని పొద్దున ఆపరేషన్ గదిలోకి రానిచ్చారు. చేతులు చూసి సరేనన్నారంట. పెద్ద ఆపరేషనంట, ఫోను బయట పెట్టేసి ఎళ్లింది. ఎవరికన్నా చెబుదామంటే పక్కింటోళ్లకి తెలుగు రాదు." ఊపిరి తీసుకుంది. "భోజనం ఏళ దాటిపోయింది. ఇంకా బయటికి రాలేదమ్మా!"

ఒక మనిషి ఇంకా రాలేదని అంత సంతోషంగా చెప్పడం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.